ముందే వెళ్ళే చెయ్యి

అనకాపల్లి వెళ్ళొచ్చానని తెలియగానే అందరూ అడుగుతున్నది ఒక్కటే: బెల్లం తెచ్చావా? తెచ్చాను. దిమ్మ పగిలి ముక్కలైంది, ముక్కలకి కాస్త రోడ్డు మీది ఇసుక కూడా అంటింది. అడిగినవాళ్ళెవరికీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి.

నేను గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. నాకు మోకాళ్ళు అరిగిపోయాయి కానీ గొంతు మాత్రం అరగలేదని మా పిల్లలు నవ్వుకుంటారు. ఏటా బయటి జిల్లాల నుంచి ఒక్క పిల్లని తెచ్చుకునే వీలుంది మాకు. హాస్టలు, తిండి, చదువు అన్నీ కాలేజీయే చూసుకుంటుంది. బాగా ఆడితే డిగ్రీ చేతికొచ్చేలోపే రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం కూడా దొరుకుతుంది. అయితే ఆడినంత కాలమే ఆ సీటు. ఒక ఏడు ఆడలేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పోవలసిందే.

ఆ ఒక్క సీటు కోసం ఊరూరి నుంచీ ఫోన్లు. "మేడమ్, ఇలాంటిది తరానికొక్కతె పుడుతుంది" అంటారు. ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది ఒక తరానికొక్కతె. తీరా వెళ్ళి చూస్తే పొడుగు పిల్ల. పొడుగుదనం కూడా ఒక ప్రతిభేనా, తాటిచెట్టు లేదూ? లేదంటే దూరం నుంచి గురి చూసి రింగులో వేసే పిల్ల. అది సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది, నాకూ వచ్చింది. అందుకే బంతి చేతిలో ఉన్న పిల్లని నేను చూడను. బంతి లేనప్పుడు ఏం చేస్తోందో చూస్తాను.

మొన్న వానాకాలంలో అనకాపల్లి నుంచి సుందర్రావు మాస్టారని ఒక కాలేజీలో ఆటలు నేర్పే పి.డి. ఫోన్లో చిన్న వీడియో పంపారు. బంతి రింగుకి తగిలి ఎగిరింది. అందరూ తలలెత్తి పైకి చూస్తున్నారు. ఒక్క పిల్ల మాత్రం చూడలేదు. వంటింట్లోకి గ్లాసు కోసం వెళ్ళినట్టు తాపీగా పక్కకి నడిచి చెయ్యి చాపింది. బంతి వచ్చి ఆ చేతిలో పడింది. ఇంకాసేపటికి అదే పిల్ల అటు తిరిగి ఎవరికో ఏదో చెబుతోంది. వెనకాల ఎవరో జారిపడ్డారు, బంతి గీత దాటిపోతోంది. ఈ పిల్ల కుడిచెయ్యి వెనక్కి వెళ్ళి బంతిని పట్టేసింది. పట్టాక అప్పుడు తల తిప్పి, నా చేతిలో ఏముంది అన్నట్టు చూసుకుంది.

నా టీ చల్లారిపోయింది. వేగం నేర్పచ్చు, గురి నేర్పచ్చు, దమ్ము పెంచచ్చు. ఆలోచన కంటే ముందు వెళ్ళే చెయ్యిని ఎవరూ నేర్పలేరు. ఇన్నేళ్ళలో నేను దాన్ని ఎవరిలోనూ చూడలేదు. తరానికొక్కతె అనే మాటకి నా లెక్కలో అర్థం అదొక్కటే. పిల్ల పేరు నూకరత్నం, డిగ్రీ రెండో ఏడు. అప్పటికప్పుడు వెళ్దామంటే మా టోర్నమెంట్లు వదల్లేదు. చివరికి ఫిబ్రవరి నెలాఖరులో కదిలాను.

పులుసులో తీపి

అనకాపల్లి స్టేషన్లో దిగీ దిగగానే ఆటో అతను "బెల్లం మార్కెట్టా మేడమ్?" అన్నాడు. కాదు, కాలేజీ దగ్గర ఇల్లు అంటే నలభై అడిగాడు. మా గుంటూరులో అయితే ఇక్కడ బేరం మొదలవుతుంది, గొంతులు లేస్తాయి, చివరికి ఇద్దరం గెలిచామనుకుంటాం. నేను ముప్పై అన్నాను. అతను ఏ మాత్రం నొచ్చుకోకుండా "అలగైతే నడిసెల్లిపోండమ్మా, దగ్గిరే" అన్నాడు. అతని మర్యాదకి సిగ్గేసి నలభై ఇచ్చాను.

దారిలో ఒక హోటలు దగ్గర ఆపించి దిబ్బరొట్టి తిన్నాను. పక్కన గిన్నెలో చెరకు పానకం పెట్టారు. అల్లం పచ్చడి లేదా అని అడిగితే, హోటలావిడ నాకేదో జబ్బు చేసినట్టు చూసింది. పానకంలో ముంచి తిన్నాను. బాగుంది, ఒప్పుకోక తప్పదు.

మధ్యాహ్నం భోజనం సుందర్రావు మాస్టారింట్లో. ఆయన బక్కపల్చని మనిషి, నెమ్మదైన గొంతు. వాళ్ళావిడ కమలమ్మ ప్రార్థన చేసి వడ్డించారు. ముక్కల పులుసు నోట్లో పెట్టుకుంటే పాయసమేమో అనిపించింది.

"పులుసులో ఇంత బెల్లం ఏమిటండీ?" అన్నాను.

"బెల్లం ఎయ్యకపోతే అది పులుసేటండి?" అని నవ్వారావిడ.

నేనూ నవ్వి, "పిల్లేదీ? సాయంత్రం గ్రౌండుకి వస్తుందా?" అని అడిగాను. మాస్టారు తల వంచుకుని అన్నం కలుపుతూ ఉండిపోయారు.

"సెప్పండి ఆవిడికి" అన్నారు కమలమ్మ.

"రేపు ఊరికెల్దారండి మేడమ్. అక్కడే సూద్దురు గాని" అన్నారాయన. పిల్లకి పరీక్షలేమో అనుకున్నాను.

సాయంత్రం గ్రౌండులో మిగతా పిల్లల ఆట చూశాను. కష్టపడతారు, కానీ ఒకరి బంతి ఒకరికి అందడం లేదు. కెప్టెన్ మేరీ అని గుండ్రటి మొహం పిల్ల. రత్నం రాలేదా అని అడిగితే అందరూ బూట్ల లేసులు సరిచేసుకోవడం మొదలుపెట్టారు.

"అదుంటే బంతి ఎక్కడికి రావాలో అక్కడికొచ్చీసేది మేడమ్" అంది మేరీ. "మేం ఎక్కడుంటామో మాకన్నా దానికే ముందు తెలిసేది. ఇప్పుడు ఎతుక్కుంటన్నాం."

ఇప్పుడు అంటే ఎప్పటి నుంచి అని నేను అడగలేదు. అడగవలసింది.

మునగపాక దారి

మర్నాడు పొద్దున్నే మాస్టారి స్కూటరు మీద బయల్దేరాం. మునగపాక దాటాక దారికి రెండు వైపులా చెరకే. చాలా చేలు కొట్టేశారు, మోళ్ళు మిగిలాయి. చెరకు ట్రాక్టర్ల వెనక దుమ్ము తింటూ, కాగుతున్న రసం వాసన పీలుస్తూ పోతున్నాం. మా వైపు మిరప కళ్ళాల దగ్గర తుమ్ములొస్తాయి, ఇక్కడ ఆకలేస్తోంది అని నేనేదో కబుర్లు చెబుతున్నాను. ఆయన ఉన్నట్టుండి ఒక కాలవ వంతెన దగ్గర స్కూటరు ఆపేశారు.

"మేడమ్, మీకో సంగతి సెప్పాలండి. రత్నానికి కుడిచేతి ఏళ్ళు రెండు పోనాయండి. డిసెంబర్లో. చెరకు గానుగలో పడి."

చూపుడువేలు, మధ్యవేలు అని తన చేతి మీద చూపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత మండిపోవడం ఈ మధ్యకాలంలో ఎరగను.

"ఇది ఫోన్లో చెప్పాలని తెలియదా మీకు?"

"సెప్తే మీరు రారు కదండి."

"రాను! ఎందుకొస్తాను?"

"అందుకే సెప్పనేదండి." ఆయన స్కూటరు హ్యాండిలు వదల్లేదు. "ఏళ్ళున్నప్పుడు దాని ఆట సూడాల్సినోళ్ళు ఒక్కరూ సూణ్ణేదు మేడమ్. మా ఊరోళ్ళకి తెలీదు, నాకు తెలిసినా నా మాటకి ఇలవ నేదు. మీలాటోళ్ళు ఒక్కరైనా వచ్చి, ఇది గొప్పదే అని దాని మొకం మీద సెప్తే బాగుండుననిపించిందండి."

"నేను సీటు కోసం వస్తున్నానని ఆ పిల్లకి తెలుసా?"

"తెలుసండి. మీరొత్తన్నారని తెలిసిన కాణ్ణించీ ఎడం చేత్తో ఆడతంది. రోజూను."

వెనక్కి తిప్పండి అనాలనుకున్నాను. ఆ చివరి మాట విన్నాక ఎలా అంటాను? ఎక్కి కూర్చున్నాను. 

గానుగ దగ్గర

రత్నం వాళ్ళ ఊరి గానుగ ఒక పాకలో ఉంది. ఇంజను దడదడమంటోంది. ఒకవైపు నుంచి చెరకు గడలు ఇనప రోలర్ల మధ్యకి పెడుతున్నారు, ఇంకోవైపు పిప్పి లాగుతున్నారు. పక్కన పెద్ద పెనాల్లో రసం నురగలు కక్కుతోంది. అన్ని ఇళ్ళకీ కలిపి ఆ ఒక్క గానుగే. వంతులు వేసుకుంటారు. మీ వంతు రోజున మా ఇంటి నుంచి ఒక మనిషి, మా వంతు రోజున మీ ఇంటి నుంచి ఒక మనిషి. కూలి మాటే లేదు. మనిషిని పంపని ఇంటికి మళ్ళీ ఎవరూ రారు. మా వైపు ఏనాడో పోయిన మర్యాద ఇంకా ఉందే అని ముచ్చటపడబోయాను. డిసెంబర్లో రత్నం వాళ్ళమ్మకి జ్వరమొస్తే, ఆ పిల్ల ప్రాక్టీసు మానుకుని వెళ్ళింది ఈ మర్యాద కోసమేనట.

గానుగ నడిపే పెద్దాయన అప్పారావు నన్ను చెయ్యి పట్టుకున్నంత పనిచేసి దగ్గరకి తీసుకెళ్ళాడు.

"ఇక్కడే అమ్మగోరు! నేను బోల్టు బిగించి పానా ఇలగ పైన ఎట్టేను. మిషిను ఊగిపోతంది కదా, పానా జారిపోయి రోలర్ల మీదకొచ్చీసింది. అదెల్లి నోపల పడితే ఇంకేటుంది, రోలర్లు ముక్కలైపోవా? ఊరందరి సెరుకూ ఎండిపోవాల్సిందే. మా గుంట రత్నం అటేపు తిరిగి మాటాడతంది. అది సూణ్ణేదు అమ్మగోరు, ఒట్టు! సెయ్యి మాత్రం ఇటొచ్చీసింది. పానా పట్టి ఇవతలకిసిరీసింది. సెయ్యే..." అని ఆగిపోయాడు.

నేను వీడియోలో చూసింది, ఆయన గానుగలో చూసింది ఒక్కటే. బంతికీ పానాకీ తేడా అడగని చెయ్యి. దాన్ని చూసే కదా నేను రైలెక్కింది! 

చుట్టూ చేరినవాళ్ళు గర్వంగా చెబుతున్నారు. ఆ మర్నాడే గానుగకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, తొలి దిమ్మ రత్నం ఇంటికి పంపారట. ఇక ఏటా మొదటి వంతు వాళ్ళదేనట. ఊరి గానుగ నిలబెట్టిన పిల్లట. అంతా విన్నాక నా కళ్ళు పైకి వెళ్ళాయి. ఊగుతున్న మిషను మీద, సరిగ్గా ఆయన చూపించిన చోటే, ఆ పానా ఉంది. దానికీ పసుపు, కుంకుమ బొట్టు.

"దాన్ని మళ్ళీ అక్కడే పెట్టారా?" అని అరిచాను.

"దాని సోటు అదే అమ్మగోరు. మా నాయన కూడా అక్కడే ఎట్టీవోడు" అన్నాడు అప్పారావు, ఎందుకు అరుస్తున్నానో తెలియక.

దాన్ని తీసి పిప్పి కుప్పలోకి విసిరేశాను. ఊరుకాని ఊరు, ముక్కూ మొహం తెలియని మనుషులు, అయినా విసిరేశాను.  అప్పారావు వెళ్ళి వెతికి తెచ్చాడు. తువ్వాలుతో తుడిచాడు, కళ్ళకద్దుకున్నాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు.

అప్పుడొచ్చింది రత్నం. సన్నగా, పొట్టిగా, పెద్ద కళ్ళతో ఉంది. కుడిచేతి మీదుగా చున్నీ కప్పుకుంది. వెనకాలే వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ. ఆవిడ నమస్కారం కూడా పూర్తిగా పెట్టకుండానే, "మా గుంటకి సీటిత్తారా అమ్మగోరు?" అంది.

"అమ్మా, ఉండు" అంది రత్నం. నా వైపు తిరిగి చున్నీ తీసేసింది. గాయం మానింది. మిగిలిన మూడు వేళ్ళూ ఆ ఖాళీ వైపు కాస్త వంగి ఉన్నాయి. "సూసేరు కదా మేడమ్. రేపు పాయకరావుపేటలో మేచ్చి ఉంది. ఆడతాను. ఆట సూసి సెప్పండి. జాలిపడి మాత్రం సెప్పకండి."

"జాలి నా దగ్గర లేదులే" అన్నాను. అబద్ధమే. కానీ ఆ పిల్లకి కావలసిన మాట అదే, మొహం కాస్త తేటపడింది.

బయల్దేరుతుంటే అప్పలనర్సమ్మ చిన్న బెల్లం దిమ్మ గుడ్డలో కట్టి నా చేతుల్లో పెట్టింది. "మా వంతు సరుకే అమ్మా, ఇప్పుడే తీసేం" అంది. ఇంకా వెచ్చగానే ఉంది. నాకు కావాలో వద్దో చెప్పలేక తీసుకున్నాను.

పాయకరావుపేట

మూడో రోజు టీముతో పాటు బస్సులో వెళ్ళాను. ఎస్. రాయవరం దగ్గర ఆగితే పిల్లలు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని, సగం నా ఒళ్ళో పోశారు. మా ఊళ్ళో వేయించినవే తింటాం, ఇవి చప్పగా ఉన్నాయని నేనంటే "ఒలుసుకుంటా మాటాడండి మేడమ్, అప్పుడు బాగుంటాయి" అని నవ్వారు. రత్నం కిటికీ పక్కన కూర్చుని ఎడంచేత్తో ఒక్కొక్క కాయా ఒలుస్తోంది. కుడిచెయ్యి ఒడిలో చున్నీ కింద ఉంది.

పాయకరావుపేటలో సిమెంటు కోర్టు, ఎండ నిలువునా పడుతోంది. మొదటి సగంలో మాస్టారు రత్నాన్ని దింపలేదు. అనకాపల్లి పిల్లలు వెనకబడ్డారు. రెండో సగంలో దింపారు.

ఏం చెప్పను? ఆ పిల్ల వచ్చిన కాసేపటికే కోర్టు సర్దుకున్నట్టయింది. ఎడంచేత్తోనే ఆడుతోంది. మేరీ ఇంకా పరుగెత్తకముందే, మేరీ చేరబోయే చోటికి బంతి వెళ్ళి నిలబడుతోంది. నిన్న గాక మొన్న ఒకరి బంతి ఒకరికి అందని పిల్లలు వీళ్ళేనా! మేరీ వేసింది, ఇంకో పిల్ల వేసింది, మళ్ళీ మేరీ. మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాను. మా ప్రిన్సిపాలుతో ఎలా వాదించాలో, మా కాలేజీ డాక్టరుకి ఏం చెప్పాలో కూడా అనుకుంటున్నాను. సుందర్రావు మాస్టారు నా వైపే చూస్తున్నారు, కోర్టు వైపు కాదు.

అప్పుడు బంతి ఎవరి చేతికో తగిలి పక్కకి తుళ్ళింది. రత్నం అటు తిరిగి ఉంది. కుడిచెయ్యి వెళ్ళింది. వీడియోలో చూసినట్టే, అందరికంటే ముందు వెళ్ళింది. వేళ్ళుండాల్సిన చోటు మీంచి బంతి జారి గీత దాటిపోయింది.

కాసేపటికి మళ్ళీ అలాగే. ఆ తర్వాత ఇంకోసారి. అవతలి టీము పిల్లలు కనిపెట్టేశారు. వాళ్ళ కోచి కేక వేసింది, "కుడేపు ఎయ్యండే!" అని. ఇక ప్రతి బంతీ ఆ పిల్ల కుడివైపుకే. ప్రతిసారీ ఎడంచెయ్యి దగ్గరలో ఉన్నా కుడిదే ముందు వెళ్ళింది, ప్రతిసారీ బంతి పోయింది. ఆ కోచిని తిట్టుకున్నాను. కానీ ఆ స్థానంలో నేనున్నా అదే కేక వేస్తాను. ఆట అలాంటిది.

ఎవరూ పిలవకుండానే రత్నం బయటికి వచ్చేసింది. వచ్చి నా పక్కన కూర్చుంది. చెమట తుడుచుకోలేదు.

"సెప్పండి" అంది.

"నీలాంటి ఆటగత్తెని నేను చూడలేదు. నేను ఆడిన రోజుల్లో లేదు, నేర్పిన రోజుల్లో లేదు. జాలిపడి చెప్పడం లేదు, నిజం."

"సీటు?"

మాస్టారు దూరంగా నిలబడి బంతుల సంచీ తాడు ముడి వేసి విప్పుతున్నారు. మేరీ ఆట మధ్యలోంచి మా వైపు చూస్తోంది.

"లేదమ్మా" అన్నాను. "తీసుకెళ్తాను, ఏడాది తిరిగేసరికి ఆడలేదని నిన్ను నేనే వెనక్కి పంపాలి. అప్పుడు అక్కడి చదువూ పోతుంది, ఇక్కడిదీ పోతుంది. ఆ పని నేను చెయ్యలేను."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెద్ద కళ్ళతో సూటిగా చూసి, "అలగైతే మొదటి మాట ఎందుకు సెప్పేరు మేడమ్?" అంది.

 ఇంటికొచ్చి ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ ప్రశ్నే వినిపిస్తోంది. మాస్టారు నన్ను ఇంత దూరం రప్పించింది ఆ మాట కోసమే. ఆ మాట వినకపోతే ఆ పిల్ల పానాని తిట్టుకుని ఊరుకునేదేమో. ఇప్పుడు పోయిందేమిటో దానికి పూర్తిగా తెలుసు.

తుని ఆటో

నా రైలు తునిలో. పేట నుంచి ఆటోలో పోవచ్చు. వద్దన్నా వినకుండా రత్నం నా సంచి మోసుకొచ్చింది, ఎడం భుజానికి తగిలించుకుని. మాస్టారు ఆటో అతనితో బేరమాడుతున్నారు. ఇక్కడ బేరం ఆడతారన్నమాట అనుకున్నాను, అనవసరంగా. ఏదో ఒకటి అనుకుంటూ ఉండాలి కదా.

సంచి అందుకుని సీటు మీద పెట్టబోతుంటే బెల్లం మూట పైనుంచి జారింది. రత్నం అటు తిరిగి మేరీ వాళ్ళకి చెయ్యి ఊపుతోంది. చూడలేదు, ఒట్టు. కుడిచెయ్యి మూట కింద ఉంది, మూట ఇంకా నా మోకాలైనా దాటలేదు. వచ్చి అరచేతిలో పడింది, పక్కకి ఒరిగింది, వేళ్ళు లేని వైపు నుంచి జారి రోడ్డు మీద పడింది. గుడ్డ విడిపోయి దిమ్మ ముక్కలైంది.

రత్నం అప్పుడు తల తిప్పింది. ముందు బెల్లం వైపు కాదు, తన చేతి వైపు చూసుకుంది.

"ఎడం చేతికి నేర్పేను మేడమ్" అంది. "కుడి చేతికి మానిపించలేపోతన్నాను."

ఇద్దరం రోడ్డు మీద కూర్చుని ముక్కలు ఏరాం. ఆటో అతను తొందరపెట్టలేదు.